బర్నౌట్‌కు థెరపీ: రెండేళ్లకు పైగా తీసుకున్న తరువాత నా సమీక్ష

బర్నౌట్‌కు, అంటే దీర్ఘకాలిక పని ఒత్తిడితో మనసు ఇంకిపోయే స్థితికి, తీసుకునే థెరపీ గురించి నేను చదివిన అనుభవాలలో ఎక్కువ భాగం మొదటి రెండు మూడు నెలల్లో రాసినవి. ఆ దశలో ఎవరికైనా కొంత ఊరట కలుగుతుంది. మన మాటను ఒకరు శ్రద్ధగా వింటున్నారన్న భావనే అందుకు చాలు. ఆ తొలి ఊరట పలచబడిన తరువాత ఏమి మిగులుతుందన్నదే అసలు ప్రశ్న. నేను ఈ చికిత్సను రెండేళ్లకు పైగా తీసుకుంటున్నాను. మొదట వారానికి ఒకసారి, తరువాత పక్షానికి ఒకసారి, ప్రస్తుతం నెలకు ఒకసారి థెరపిస్టును కలుస్తున్నాను. ఇంతకాలం తరువాత నా అభిప్రాయం ఇది: థెరపీ పనిభారాన్ని తగ్గించదు, తగ్గిస్తానని ఎవరైనా చెబితే నమ్మనవసరం లేదు. అయితే పనిలో సాధించినదానితోనే తన విలువను కొలుచుకునే అలవాటును అది బయటకు తీసి, నెమ్మదిగా సడలిస్తుంది. వృత్తిలో ముందువరుసలో ఉండేవారికి ఎక్కువగా కావలసినది ఇదేనని నా నమ్మకం.

చేరినప్పుడు నాకు తెలిసిన లక్షణం అలసట ఒక్కటే. 1974లో అమెరికన్ మనస్తత్వవేత్త హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ ఉచిత వైద్యశాలల సిబ్బందిలో గమనించి బర్నౌట్ గురించి రాసినప్పుడు కూడా అలసటే ముందు కనిపించింది. అయితే మనస్తత్వవేత్తలు క్రిస్టినా మాస్లాక్, సూసన్ జాక్సన్ 1981లో ప్రచురించిన ప్రశ్నావళి దీన్ని మూడు భాగాలుగా చూస్తుంది: భావోద్వేగాలు పూర్తిగా ఇంకిపోవడం, ఎదుటి మనుషుల పట్ల మనసు మొద్దుబారిపోవడం, తాను సాధించినదేమీ లేదనిపించడం. ఈ రెండోది నాలో బాగా ముదిరి ఉందని తొలి సమావేశాల్లోనే తేలింది. ఎవరైనా ఇబ్బంది చెప్పుకోవడానికి వస్తే వారి మాట పూర్తికాకముందే విసుగు వచ్చేది; ఆ విసుగును నేను సమయపాలన అనుకునేవాడిని. బయటికి మాత్రం ఫలితాలు ఎప్పటిలాగే బాగుండేవి. బాగా పనిచేసేవారి విషయంలో ఇదే చిక్కు. పని నాణ్యత చివరికి గాని పడిపోదు కాబట్టి లోపల జరుగుతున్నది పై అధికారులకూ, కుటుంబానికీ, తనకూ కనబడదు.

థెరపిస్టు మొదట చేసిన పనిని ప్రత్యేకంగా చెప్పాలి. 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ, ఐసీడీ-11, బర్నౌట్‌ను వ్యాధిగా కాక, సరిగా నిర్వహించని దీర్ఘకాలిక పని ఒత్తిడి వల్ల వచ్చే వృత్తి సంబంధమైన స్థితిగా మాత్రమే పేర్కొంటుంది. అందువల్ల బర్నౌట్ అని రోగి తానే చెప్పుకుంటూ వస్తే, దాని వెనుక మరేదైనా ఉందేమో చూడవలసి ఉంటుంది. థైరాయిడ్ లోపం, రక్తహీనత, నిద్రలో శ్వాస ఆగే సమస్య కూడా ఇలాంటి అలసటనే కలిగిస్తాయి కాబట్టి ముందు వైద్యుడిని కలిసి రమ్మని ఆమె చెప్పింది. కుంగుబాటును పరిశీలించడానికి పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పత్రాన్ని నింపించింది. గత రెండు వారాల స్థితిని అడిగే ఆ పత్రంలో మొత్తం 0 నుంచి 27 వరకు వస్తుంది; మార్కులు ఎక్కువైన కొద్దీ కుంగుబాటు ఎక్కువని అర్థం. కొన్ని వారాలకొకసారి దాన్ని మళ్లీ నింపించడం వల్ల, బాగుపడుతున్నానో లేదో ఆ రోజు మనఃస్థితిని బట్టి కాక కొంత నిలకడగా చూడగలిగాము. తొలి సమావేశాల్లో ఈ పరిశీలన ఏదీ లేకుండా నేరుగా శ్వాస వ్యాయామాలకు దిగే వ్యక్తి దగ్గర కొనసాగవద్దని నా సూచన.

నిజానికి ఆమె నా రెండో థెరపిస్టు. మొదటి వ్యక్తి ప్రతి సెషన్‌నూ సమర్థత పెంచే శిక్షణగా మార్చేశారు. ఉదయపు ప్రణాళిక, ప్రాధాన్యాల పట్టిక, ఏకాగ్రత చిట్కాలు వంటివి నాకు ముందే అలవాటు. అలసిపోయిన మనిషి చేత మరింత చక్కగా పని చేయించడానికి అవి పనికివచ్చాయి, అంతకు మించి ఏమీ జరగలేదు. పెద్ద హోదాల్లో ఉన్నవారికి ప్రత్యేకమని ప్రచారం చేసుకునే చోట్ల ఈ ప్రమాదం ఎక్కువని నాకు అనిపిస్తుంది, ఎందుకంటే వచ్చినవారు కోరేది కూడా అదే. త్వరగా మళ్లీ మునుపటి వేగం అందుకోవాలన్నదే వారి తొలి కోరిక.

రెండో థెరపిస్టు పద్ధతి ప్రధానంగా కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, అంటే ఆలోచనలనూ ప్రవర్తననూ పరిశీలించి మార్చుకునే పద్ధతి. ఒక సంఘటన, అప్పుడు తోచిన ఆలోచన, కలిగిన భావన, ఆ ఆలోచనకు అనుకూలంగానూ వ్యతిరేకంగానూ ఉన్న ఆధారాలు అన్నీ ఇంటిదగ్గర రాసుకుని రావాలి. నేను వాటిని వరుసలు, రంగులు, శీర్షికలతో పొందికైన పట్టికగా తయారుచేసి తీసుకువెళ్లాను. ఆమె దానిని కాసేపు చూసి, “ఇది ఎవరి మెప్పు కోసం తయారుచేశారు?” అని అడిగింది. జవాబు చెప్పడానికి నాకు చాలా సమయం పట్టింది. తరువాతి వారానికి ఆమె ఇచ్చిన పని, అదే పట్టికను సగంలో ఆపి, చెరిపివేతలతో సహా తీసుకురావడం. వినడానికి చిన్నపిల్లల ఆటలా ఉన్నా, ఆ వారమంతా నన్ను పట్టి పీడించిన అసౌకర్యం చికిత్సకు అసలు ముడిసరుకు అయింది. మార్కులు తెచ్చుకోవడంలో ఆరితేరినవారు థెరపీలో కూడా మొదటి స్థానం కోసమే ప్రయత్నిస్తారు. దాన్ని గుర్తించి ఆపగలిగిన థెరపిస్టు దొరకకపోతే, సెషన్లన్నీ బాగానే జరుగుతున్నట్లు ఉంటూ ఏ మార్పూ రాకుండానే గడిచిపోతాయి.

అంతకన్నా ఎక్కువగా పనిచేసినవి ప్రవర్తనా ప్రయోగాలు. సాధారణంగా నాలుగైదుసార్లు సరిచూసుకునే నివేదికను ఒక్కసారి మాత్రమే చూసి పంపాలి. పంపేముందు ఏమి జరుగుతుందని భయపడుతున్నానో, ఆ భయాన్ని ఎంత శాతం నమ్ముతున్నానో రాసి, తరువాత నిజంగా జరిగినదానితో పోల్చాలి. ప్రాణాలకూ డబ్బుకూ ముప్పులేని పనులనే ఇందుకు ఎంచుకున్నాము. నేను ఊహించిన విమర్శ రాలేదు; తేడాను ఎవరూ గమనించలేదు కూడా. దానితో సంతోషం కలుగుతుందనుకున్నాను గాని, వచ్చింది కోపం. ఎవరూ గమనించని మెరుగుల కోసం ఇన్నేళ్ల సాయంత్రాలు ఎవరికి ధారపోసినట్లు? ఆ తరువాతి కొన్ని సెషన్లు మొత్తం చికిత్సలో అత్యంత బరువైనవి. ఆ సమయంలో పీహెచ్‌క్యూ మార్కులు కాస్త పెరిగాయి కూడా. మధ్యలో ఇలా దిగజారినట్లు అనిపించే దశ రావచ్చని ఆమె ముందే చెప్పి ఉండకపోతే, అక్కడే మానేసేవాడినేమో.

1978లో మనస్తత్వవేత్తలు పౌలిన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ ఉన్నత విజయాలు సాధించిన మహిళలలో గమనించి వర్ణించిన ఇంపోస్టర్ భావన, అంటే తన విజయాలకు తాను అర్హుణ్ణి కానన్న అనుమానం, కూడా ఈ సందర్భంలోనే చర్చకు వచ్చింది. విజయం వస్తే అదృష్టమనీ, తడబాటు వస్తే అసలు రంగు బయటపడిందనీ లెక్క వేసే మనసుకు ఎంత సాధించినా జమ ఖాతాలో ఏమీ పడదు. ఈ లెక్కను గుర్తుపట్టడం ఇప్పుడు నాకు వచ్చింది. అది పూర్తిగా పోలేదు.

నిద్ర విషయంలో ఫలితం స్పష్టంగా ఉంది. రోజూ ఒకే వేళకు లేవడం, మంచాన్ని నిద్రకు మాత్రమే వాడటం, దాదాపు ఇరవై నిమిషాలైనా నిద్ర పట్టకపోతే లేచి మరో గదిలో కూర్చోవడం అనే నియమాలు మొదటి వారాల్లో పరిస్థితిని మరింత కష్టం చేశాయి, తరువాత నిలకడగా మెరుగుపరిచాయి. పని ముగించే ముందు రేపటికి మిగిలినవాటిని కాగితం మీద పెట్టే అలవాటు కూడా ఉపయోగపడింది. ధ్యానం మాత్రం నాకు పెద్దగా కలిసిరాలేదు. అది చాలామందికి మేలు చేస్తుందని తెలిసే చెబుతున్నాను.

ఇక పరిమితుల సంగతి. మాస్లాక్, మరో మనస్తత్వవేత్త మైఖేల్ లైటర్ బర్నౌట్ మూలాలను పనిచేసే చోట ఆరు విషయాలలో చూపారు: పనిభారం, పని మీద అదుపు, గుర్తింపు, తోటివారితో సంబంధాలు, న్యాయం, విలువలు. ఈ ఆరింటిలో ఒక్కటి కూడా థెరపిస్టు గదిలో లేదు. ఇద్దరు చేయవలసిన పనిని ఒకరికి అప్పగించిన సంస్థలో ఆ ఒకరిని థెరపీకి పంపి ఊరుకోవడం, సమస్యను ఉద్యోగి మీదికి నెట్టివేయడమే. నాకు జరిగిన మేలు ఏమిటంటే, అదనపు బాధ్యతను కాదనడం ఎలాగో ఆ గదిలో ముందుగా మాట్లాడి చూసుకోగలిగాను. కాదన్న తరువాత వచ్చే అపరాధభావాన్ని కొన్ని రోజులు భరించడం నేర్చుకున్నాను. బాధ్యతలు కొంత తగ్గాయి. పదోన్నతి ఒకటి ఆలస్యమైంది కూడా, అది ఈ చికిత్స ఖరీదులో భాగంగానే లెక్కించాలి.

యాభై నిమిషాల సెషన్‌కు అసలు ఖర్చు ఫీజు ఒక్కటే కాదు. పనివేళల మధ్యలో ఆ సమయాన్ని ఎవరూ కదపకుండా కాపాడుకోవడం మరింత కష్టం. నేను ఆన్‌లైన్‌లోనూ, ముఖాముఖిగానూ కలిశాను. ఆన్‌లైన్‌లో సెషన్ ముగిసిన మరుక్షణం మళ్లీ ఈమెయిల్ తెరిచేవాడిని కాబట్టి, కష్టమైన దశలో ముఖాముఖికే మారిపోయాను. యాజమాన్యం ఏర్పాటు చేసే ఉచిత కౌన్సెలింగ్ మొదలుపెట్టడానికి మంచిదే, కానీ అందులో సెషన్ల సంఖ్యకు సాధారణంగా పరిమితి ఉంటుంది. యాజమాన్యానికి ఏ సమాచారం చేరుతుందో ముందే రాతపూర్వకంగా తెలుసుకోవాలి.

పనిలో తప్ప మిగతా జీవితంలో ఆసక్తి నిలిచి ఉన్నవారికి ఈ తరహా థెరపీ బాగా సరిపోతుందని నా అంచనా. ఇష్టమైనవాటి మీద కూడా ఆసక్తి చచ్చిపోయినా, చనిపోవాలన్న ఆలోచనలు వస్తున్నా, వారానికొక సెషన్ కోసం ఎదురుచూడకుండా వెంటనే సైకియాట్రిస్టును కలవాలి. మందులు అవసరమైతే థెరపీతో పాటు వాడవచ్చు, ఒకటి రెండోదానికి అడ్డు కాదు.

చికిత్సను పూర్తిగా ఎప్పుడు ఆపాలో ఇంకా నిర్ణయించుకోలేదు. మళ్లీ పక్షానికొకసారి కలవవలసిన సమయం వచ్చిందని తెలిపే గుర్తులను మాత్రం ఇద్దరం కలిసి రాసిపెట్టుకున్నాము: వరుసగా రెండు వారాలు నిద్ర చెడటం, సెలవు రోజు సాయంత్రం నుంచే చిరాకు మొదలవడం, ఎదుటివారు మాట్లాడుతుండగానే నా చూపు గడియారం మీదికి పోవడం. మూడోదాన్ని గమనించే బాధ్యత, నా అనుమతితోనే, నాతో పనిచేసే ఒక సన్నిహితుడికి అప్పగించాను.