ఇంటిల్లిపాదికీ హైబ్రిడ్ కారు: ఏళ్ల తరబడి వాడాక నా మాట

హైబ్రిడ్, అంటే పెట్రోలు ఇంజన్‌తో పాటు కరెంటు మోటారు, దానికో పెద్ద బ్యాటరీ కూడా ఉన్న కారు, కొనాలా వద్దా అని ఎవరైనా అడిగితే నేను ముందు తెలుసుకునేది ఒకటే: కారు ఎక్కువగా ఎక్కడ తిరుగుతుంది? స్కూలు, ఆఫీసు, బజారు, వాటి మధ్య సిగ్నళ్లు అంటే ధైర్యంగా తీసుకోమంటాను. నెలలో ఎక్కువ భాగం హైవే మీదే అంటే మాత్రం లెక్క వేసుకోమంటాను.

తేడా అంతా బ్రేకు దగ్గరే ఉంది. మామూలు కారులో బ్రేకు తొక్కినప్పుడల్లా ఆ ఊపంతా వేడిగా మారి ప్యాడ్ల దగ్గరే పోతుంది. హైబ్రిడ్‌లో మోటారే జనరేటర్‌గా మారి, ఆ ఊపును కరెంటు చేసి బ్యాటరీకి పంపుతుంది. మళ్లీ కదిలేటప్పుడు ఆ కరెంటుతోనే, ఇంజన్ ఆగి ఉండగానే, కారు ముందుకు పోతుంది. అందుకే ఆగుతూ సాగే రోడ్ల మీద మైలేజీ బాగా వస్తుంది. హైవే మీద ఒకే వేగంతో పోతుంటే తిరిగి రాబట్టుకోవడానికి పెద్దగా ఏమీ ఉండదు.

నడిపే తీరు కూడా చూసుకోవాలి. ఎర్ర లైటు దూరం నుంచే కనిపిస్తే పాదం మెల్లగా ఆనించాలి. దగ్గరికొచ్చాక గట్టిగా తొక్కితే మామూలు బ్రేకులు కూడా కలుస్తాయి, కరెంటు కావలసింది మళ్లీ వేడిగానే పోతుంది. మెల్లగా ఆపడం అలవాటైతే ప్యాడ్లు కూడా ఎక్కువ కాలం వస్తాయి. వెనక కూర్చున్న పెద్దవాళ్లకు కుదుపు ఉండదు. మా ఇంట్లో అందరికంటే ముందు ఆ తేడా కనిపెట్టింది మా అత్తయ్యే.

ట్రాఫిక్‌లో ఇంజన్ ఆగినా ఏసీ ఆగదు, ఎందుకంటే కంప్రెసర్ కరెంటుతో నడుస్తుంది. ఎండాకాలంలో పిల్లలతో వెళ్లేవాళ్లకు ఇది చాలా పెద్ద సుఖం. బ్యాటరీ తగ్గితే ఇంజన్ దానంతటదే స్టార్టవుతుంది, టెన్షన్ పడక్కర్లేదు. ఆగినప్పుడు న్యూట్రల్‌లో పెట్టే అలవాటు మాత్రం మానుకోవాలి. చాలా హైబ్రిడ్లలో న్యూట్రల్‌లో ఉంటే బ్యాటరీ చార్జ్ అవదు.

ఘాట్ రోడ్డు దిగేటప్పుడు కాసేపటికి బ్యాటరీ కారు పెట్టిన హద్దు దాకా నిండిపోతుంది. ఇక కరెంటు తీసుకోలేదు. అప్పుడు గేరు లివర్ మీద ‘బి’ స్థానం ఉంటే అందులో పెట్టాలి. ఇంజన్ పెద్దగా మోగుతుంది, కానీ పెట్రోలు కాల్చడానికి కాదు, కారు వేగాన్ని పట్టి ఉంచడానికి.

పిల్లలున్న ఇళ్లవాళ్లు తప్పక చూడాల్సింది వెనక సీటు పక్కన. చాలా మోడళ్లలో అక్కడ చిన్న జల్లెడలాంటి కిటికీ ఉంటుంది. పెద్ద బ్యాటరీని చల్లబరిచే గాలి అందులోంచే పోతుంది. మా కారులో స్కూలు బ్యాగు, దుప్పటి, బొమ్మలు చేరేది సరిగ్గా అక్కడికే. అది మూసుకుపోతే ఫ్యాన్ హోరు పెరుగుతుంది, బ్యాటరీ వేడెక్కుతుంది. దాని వెనకుండే ఫిల్టర్‌కు దుమ్ము, వెంట్రుకలు పడతాయి కాబట్టి సర్వీసింగ్‌లో శుభ్రం చేయమని నేను ప్రతిసారీ విడిగా చెబుతాను.

బ్యాటరీ పోతే ఎలా అన్న భయం అందరిదీ. కారు దాన్ని పూర్తిగా నిండనివ్వదు, పూర్తిగా ఖాళీ కానివ్వదు. దాని మన్నికకు ముఖ్య కారణం అదే. 1997లో జపాన్‌లో టయోటా వాళ్ల హైబ్రిడ్ కారు ప్రియస్ వచ్చినప్పటి నుంచి నలుగుతున్న పద్ధతి ఇది. అయినా బ్యాటరీ వారంటీ కాగితం విడిగా చదవండి.

నచ్చనివీ ఉన్నాయి. ఎత్తు ఎక్కుతూ యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే ఇంజన్ ఒకే శ్రుతిలో హోరెత్తుతుంది, ఆ మోతకు తగ్గ వేగం వెంటనే రాదు. కొన్ని మోడళ్లలో డిక్కీ చిన్నదవుతుంది, స్టెపినీ బదులు పంక్చర్ కిట్ ఇస్తారు. పైగా వెనకాల హైబ్రిడ్ అని రాసి ఉన్నవన్నీ ఒకటి కావు. మైల్డ్ హైబ్రిడ్‌లో మోటారు ఇంజన్‌కు కాస్త చేయూతనిస్తుందంతే, మామూలుగా ఒంటరిగా కారును నడపదు. టెస్ట్ డ్రైవ్‌లో ఇంజన్ ఆగి ఉండగా కారు కదులుతుందో లేదో చూడండి.

ఇంకొకటి, కారులోని కంప్యూటర్లను మేల్కొలిపే 12 వోల్టుల చిన్న బ్యాటరీ. పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా ఇది దిగిపోతే కారు బయల్దేరడానికి సిద్ధమని చెప్పే ‘రెడీ’ లైటు వెలగదు, బండి కదలదు. వారాల తరబడి కారు తీయకుండా ఉంచితే ఈ తిప్పలు వస్తాయి. కొన్ని మోడళ్లలో ఇది డిక్కీలో ఉంటుంది, డిక్కీ తెరుచుకోవాలంటే మళ్లీ కరెంటే కావాలి. అందుకే డెలివరీ రోజే అది ఎక్కడుందో, జంప్ స్టార్ట్‌కు కేబుల్ ఎక్కడ తగిలించాలో, రిమోట్‌లో దాగి ఉన్న తాళంచెవితో తలుపు ఎలా తీయాలో దగ్గరుండి చూపించమనండి.