ప్లస్ టూ ఆడపిల్లలున్న ఇళ్లవాళ్లకి: పెరంబూరు ఆదివారం క్లాసుల గురించి

మా అమ్మాయి ప్లస్ వన్ (పదకొండో తరగతి) నుంచి చెన్నై పెరంబూరులో ఒక ట్రస్టు నడిపే మెంటరింగ్ క్లాసులకి వెళ్లింది. ఫీజు లేదు. ఆడవాళ్లకి మామూలు సిటీ బస్సుల్లో టికెట్ లేదు కాబట్టి చార్జీల ఖర్చూ లేదు. ట్యూషన్ అనుకుని మాత్రం పంపకండి, పాఠాలు చెప్పరు. కాలేజీకి ఎలా అప్లై చేయాలి, డబ్బు ఎలా చూసుకోవాలి, ఇబ్బంది వస్తే ఎవరికి చెప్పాలి, ఇవి నేర్పిస్తారు. నేర్పేవాళ్లు ఉద్యోగాలు చేసుకునే అమ్మాయిలు. పిల్లలు అందరినీ అక్కా అనే పిలుస్తారు.

నాకు అన్నిటికన్నా నచ్చింది ఇంజినీరింగ్ సీట్ల కౌన్సెలింగ్ గురించి నేర్పిన పద్ధతి. తమిళనాడులో ఇంజినీరింగ్‌కి ఎంట్రన్స్ లేదు, ప్లస్ టూ మార్కులతోనే 200కి కటాఫ్ కడతారు. లెక్కలు 100కి, ఫిజిక్స్, కెమిస్ట్రీ చెరో 50కి. మా వీధిలో చాలామంది బ్రౌజింగ్ సెంటర్‌కి వెళ్లి అక్కడి కుర్రాడు ఏ కాలేజీ పెట్టమంటే అదే పెట్టేసి వస్తారు. ఇక్కడ సుద్దముక్క పిల్లల చేతికే ఇచ్చారు. నేను వెళ్లిన రోజు ఒక పిల్ల బోర్డు మీద లెక్కలు 92, ఫిజిక్స్ 88, కెమిస్ట్రీ 90 అని రాసుకుని, 92, 44, 45 కూడి 181 తేల్చింది. "ఈ కటాఫ్‌కి నిరుడు ఏ కాలేజీలు వచ్చాయో చూసి, నీ లిస్టు నువ్వే రాయి" అంది అక్క. వాళ్ల నాన్న అందుకోబోతే, "ముందు అమ్మాయిని చెప్పనిద్దాం అంకుల్" అని మర్యాదగానే ఆపింది. ఆ పిల్ల తలెత్తి సివిల్ ఇంజినీరింగ్ చదువుతానంది. ఆ మాట ఆయన అప్పుడే మొదటిసారి విన్నట్టున్నారు.

డబ్బు విషయమూ అంతే. ఆరు నుంచి పన్నెండు దాకా గవర్నమెంటు స్కూల్లో చదివిన ఆడపిల్లలకి, కాలేజీలో చేరాక పుదుమై పెణ్ పథకం కింద నెలకి వెయ్యి రూపాయలు వస్తాయి. 2022లో మొదలైంది. ఆ డబ్బు పిల్ల అకౌంట్లోనే పడుతుంది. అందుకని పాస్‌బుక్ చదవడం నేర్పారు, ఏటీఎం పిన్ అన్నయ్యకి కూడా చెప్పొద్దన్నారు. నేను బ్లౌజులు కుట్టి దాచుకున్న అకౌంటు చూసి మా అమ్మాయి "ఈ డబ్బులు ఎందుకు కట్ అయ్యాయమ్మా?" అని అడుగుతోంది ఇప్పుడు. నాకెంత సంతోషమో!

లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినడానికి 2013 చట్టం ప్రకారం కాలేజీలో కమిటీ ఉండాలి. అందులో ఎవరున్నారో చేరిన వారంలోనే కనుక్కోమన్నారు. ఆడవాళ్ల హెల్ప్‌లైన్ 181 నంబరు ఫోన్లో సేవ్ చేయించారు.

లోపాలూ ఉన్నాయి. బీకామ్, నర్సింగ్ అనుకునే పిల్లలకి ఒక్క పూటతో సరిపెట్టేశారు. ఇచ్చే కాగితాలన్నీ తమిళంలో, ఇంగ్లీషులో ఉంటాయి. మాలాంటి తెలుగు తల్లులం తమిళం మాట్లాడతాం గానీ చదవలేం. నాకు బాధ కలిగించింది మాత్రం సీటు రాగానే క్లాసులు ఆపేయడం. ఫస్ట్ సెమిస్టర్‌లో ఇంగ్లీషు లెక్చర్లు అర్థంకాక మా అమ్మాయి ఇంటికొచ్చి ఏడ్చింది. చనువు కొద్దీ అక్కకి ఫోన్ చేస్తే ఆవిడ ఓపిగ్గా మాట్లాడింది, ఆమె మంచితనం. ట్రస్టే కనీసం మొదటి ఏడాది వెంట ఉండాలి. వాళ్లకీ ఈ మాట రాసిచ్చాను.

చేర్పించేవాళ్లు ప్లస్ వన్‌లోనే చేర్పించండి. రిజల్టు వచ్చాక వెళ్తే కమ్యూనిటీ (కులం) సర్టిఫికెట్, ఇన్‌కమ్ సర్టిఫికెట్ల కోసం తిరగడానికే టైమంతా పోతుంది.