పసిపాప మెడ బిగుతు: ఇంట్లోనే చూసుకోవాలా, థెరపిస్ట్ దగ్గరికి వెళ్లాలా?

పాప తల ఎప్పుడూ ఒకవైపే వాలి, ముఖం రెండోవైపు తిరిగి ఉంటోందంటే మెడ పక్క కండరం బిగుసుకుని ఉండొచ్చు, దీన్నే టార్టికోలిస్ అంటారు. ఇంట్లో చేసేది తక్కువేం కాదు: మెలకువగా ఉన్నప్పుడు మన కళ్లెదుటే బోర్లా పడుకోబెట్టడం, తిరగని వైపు నుంచి పిలవడం, బొమ్మ చూపించడం, ఇవి రోజులో ఎన్నిసార్లయినా కుదురుతాయి, థెరపిస్ట్‌కి ఆ వీలుండదు. కానీ మెడ సాగదీయడం మాత్రం వీడియో చూసి మొదలుపెట్టకండి, ప్లీజ్. కారణం కండరమేనా, ఎముకా, చూపా అన్నది ముందు డాక్టర్ తేల్చాలి. మెడ ఎటు ఎంత తిరుగుతోందో కొలిచి, మన చేతులు ఎక్కడ పెట్టాలో, ఎక్కడ ఆపాలో పక్కనుండి నేర్పేది ఫిజియోథెరపిస్టే. నన్నడిగితే డాక్టర్‌కి చూపించాక అక్కడికే వెళ్లండి, అదీ ఆలస్యం చేయకుండా, ఎందుకంటే పాపకి 3 నెలలు నిండేలోపు థెరపీ మొదలైతే చాలామంది పిల్లలకి సర్జరీ అవసరం రాకుండానే నయమవుతుంది.