‘ఏ కెమెరాకైనా సరిపోతుంది’ అన్న కేబుల్ కొనేముందు ఇది చదవండి

ఆడియో ఇంటర్‌ఫేస్‌ని (మైక్‌ని కంప్యూటర్‌కి కలిపే పెట్టె) కెమెరా మైక్ జాక్‌కి కలిపే కేబుల్ కోసం వెతుకుతున్నవాళ్లు ఒక్క నిమిషం ఆగండి. నేను ఆగలేదు. రెండు గంటల ఇంటర్వ్యూ పోయింది.

ఆన్‌లైన్‌లో కొన్నాను. ఒక చివర లావుపాటి 6.35 ఎంఎం పిన్ను, రెండో చివర 3.5 ఎంఎం పిన్ను. ‘ఇంటర్‌ఫేస్ టు కెమెరా, ఏ మోడల్‌కైనా’ అని పేజీలో పెద్దక్షరాలతో ఉంది. రెండు వైపులా టక్కున కూర్చుంది. మాట్లాడితే మీటర్ ఎర్రగీతకి అంటుకుపోతోంటే కెమెరాలో మైక్ లెవెల్ 1కి దించాను. మీటర్ పచ్చలోకి వచ్చేసింది. హమ్మయ్య అనుకున్నాను. కొంప మునిగింది అక్కడే.

ఎడిటింగ్‌లో తెరిస్తే గొంతు చిరిగిన స్పీకర్‌లోంచి వస్తున్నట్టుంది. వేవ్‌ఫామ్‌ని, అంటే సౌండ్ గీతల బొమ్మని, పెద్దది చేసి చూశాను. కొసలన్నీ కత్తెరతో కత్తిరించినట్టు చదునుగా ఉన్నాయి, కానీ ఎత్తు సగం కూడా లేదు! అంటే లెవెల్ తగ్గేచోటికి రాకముందే, కెమెరా లోపల మైక్ సౌండ్‌ని పెంచే ప్రీఆంప్‌లోనే సౌండ్ పగిలిపోయింది. నేను తగ్గించింది పగిలిన సౌండ్‌ని. దీనికి ఏ సాఫ్ట్‌వేర్‌తోనూ సరైన మందు లేదు.

లెక్క చూస్తే ఆశ్చర్యం లేదు. ఇంటర్‌ఫేస్ సౌండ్‌ని బయటికి పంపే లైన్ అవుట్‌కి ప్రొఫెషనల్ ప్రమాణం +4 డీబీయూ (సిగ్నల్ బలాన్ని చెప్పే కొలత), అంటే దాదాపు 1.23 వోల్టులు. మైక్ జాక్ ఎదురుచూసేది మిల్లీవోల్టుల్లో. మధ్యలో తగ్గించేది ఏదో ఒకటి ఉండాలి. నాకు అమ్మినదాంట్లో ఉన్నది ఉత్త తీగ.

ఇంకో వింత కూడా జరిగింది. హెడ్‌ఫోన్స్‌లో వినిపించే గొంతు ఫోన్ స్పీకర్‌లో దాదాపు మాయం. నా ఇంటర్‌ఫేస్ అవుట్‌పుట్ బ్యాలెన్స్‌డ్. ఒకే గొంతు ఒక తీగలో మామూలుగా, రెండోదాంట్లో తిరగేసి వస్తుంది. కెమెరా ఆ రెండిటినీ ఎడమ, కుడి అనుకుంది. ఫోన్ వాటిని కలపగానే ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి. ఇదొక్కటే అయితే ఒక ఛానెల్ తీసేసి బయటపడేవాణ్ణి.

అమ్మినవాళ్లని అడిగితే వచ్చిన జవాబు: “సౌండ్ వస్తోంది కదా సార్, కేబుల్‌లో లోపం లేదు. ప్యాకెట్ విప్పేశారు, రిటర్న్ కుదరదు.” ముందే ముప్పై సెకన్లు రికార్డు చేసి వినకపోవడం నా తప్పే, కాదనను. అలాగని ఏ మోడల్‌కైనా అని రాయడం ఒప్పయిపోదు కదా.

కొనేముందు ఒకటే అడగండి: ఇది ఎన్ని డెసిబెల్స్ తగ్గిస్తుంది? 25 అనో 40 అనో అంకె చెప్పకపోతే వదిలేయండి. కేబుల్ ఇప్పటికే చేతిలో ఉంటే మల్టీమీటర్‌తో ఈ కొస నుంచి ఆ కొసకి, టిప్ (పిన్ను మొన) నుంచి టిప్‌కి ఓమ్స్ చూడండి. సున్నా దగ్గర చూపిస్తే అందులో రెసిస్టర్ లేదు, అది మామూలు తీగే. మీ కెమెరా మెనూలో లైన్ ఇన్‌పుట్ ఆప్షన్ ఉంటే అదృష్టం, ముందు అది పెట్టండి.

ఇంటర్‌ఫేస్ హెడ్‌ఫోన్ అవుట్ నుంచి తీసుకుంటే ఆ తిరగేసే గొడవ ఉండదు, వాల్యూమ్ కూడా మన చేతిలో ఉంటుంది. అక్కడా తగ్గించే కేబుల్ అయితేనే మంచిది. కెమెరాలో సౌండ్‌ని తనంతట తానే పెంచి తగ్గించే ఆటో లెవెల్ ఆపేయండి. గుయ్‌మని హమ్ వస్తే ల్యాప్‌టాప్ చార్జర్ పీకి చూడండి, చాలాసార్లు దొంగ అదే.

ఇంటర్వ్యూ ఇచ్చినాయన పెద్దమనసుతో మళ్లీ కూర్చున్నారు. ఈసారి సౌండ్ ల్యాప్‌టాప్‌లో విడిగా రికార్డు చేసి, కెమెరా ముందు ఒకసారి చప్పట్లు కొట్టి, ఆ చప్పుడు గుర్తుతో వీడియోకి కలుపుకున్నాను. మొదటిరోజు నవ్వుతూ చెప్పిన చిన్ననాటి కబుర్లు మాత్రం రెండోసారి రాలేదు. నిన్న వెళ్లి చూస్తే ఆ పేజీలో ‘ఏ మోడల్‌కైనా’ ఇంకా అలాగే ఉంది.