గర్భంతో ఉన్నప్పుడు ఏడో నెల నుంచి ఫిజియోథెరపీకి వెళ్లాను, నా అనుభవం ఇదీ

కూకట్‌పల్లిలో మా ఇంటి దగ్గరున్న ఒక క్లినిక్‌కి, మా డాక్టరమ్మ సరేనన్నాకే వెళ్లాను. అప్పటికి నడుం నొప్పితో రాత్రిళ్లు పక్క మీద అటు తిరగాలన్నా ఏడుపొచ్చేది. క్లినిక్‌లోని ఫిజియోథెరపిస్ట్ మేడమ్ మొదటి రోజే మోకాళ్ల మధ్య దిండు పెట్టుకుని, కాళ్లు విడదీయకుండా ఒళ్లంతా ఒక్కసారే తిప్పమని దగ్గరుండి చేయించారు, ఆ రాత్రే తేడా తెలిసింది.

పెద్ద బంతి మీద కూర్చుని నడుం గుండ్రంగా తిప్పడం, నొప్పి వచ్చినప్పుడు ఊపిరి బిగబట్టకుండా నోటితో మెల్లగా వదలడం, కటి కండరాలు (మూత్రం ఆపుకునేటప్పుడు బిగించేవి) బిగించి వదలడం అన్నీ నేర్పారు. బిగించడం ఒక్కటే కాదు, పూర్తిగా వదలడం రావాలి, బిడ్డ బయటికొచ్చేటప్పుడు కావాల్సింది అదే అని నాకు అంతకుముందు ఎవరూ చెప్పలేదు. 34 వారాలు దాటాక పెరీనియం (యోనికీ మలద్వారానికీ మధ్య భాగం) మసాజ్ గురించి కూడా సిగ్గుపడకుండా అడిగేలా వివరించారు. నార్మల్ డెలివరీ గ్యారంటీ అని మాత్రం ఒక్కసారి కూడా అనలేదు, ఆ నిజాయితీ నాకు చాలా నచ్చింది.

క్లినిక్ రెండో అంతస్తులో ఉంది, లిఫ్ట్ తరచూ పనిచేయదు. నిండు గర్భిణులు ఆయాసపడుతూ మెట్లెక్కడం చూస్తే బాధేస్తుంది, ఇది వెంటనే సరిచేయాలి. సాయంత్రం బ్యాచ్‌లో రద్దీ ఎక్కువ, వీలైతే పొద్దున వెళ్లండి.