ప్రెస్టన్‌లో బస వద్దు, డీప్‌డేల్ మాత్రం మానొద్దు

ముందే చెప్పేస్తున్నాను. మాంచెస్టర్ వెళ్ళేవాళ్ళు ఒక పూట ప్రెస్టన్‌కి, అక్కడి డీప్‌డేల్ ఫుట్‌బాల్ స్టేడియంకి ఉంచుకోండి, కానీ రాత్రి అక్కడ ఉండే పని పెట్టుకోకండి. మేం ఉండి 20 పౌండ్లు, ఒక రాత్రి నిద్ర పోగొట్టుకున్నాం.

మా అమ్మాయికి 13 ఏళ్ళు, స్కూల్ ఫుట్‌బాల్ టీమ్‌లో డిఫెన్స్ ఆడుతుంది. అన్నయ్య వాళ్ళింటికి మాంచెస్టర్ వెళ్తున్నామనగానే అది అడిగింది ఒక్కటే: నూరేళ్ళ కిందట ప్రెస్టన్‌లో పుట్టిన ఆడవాళ్ళ ఫుట్‌బాల్ జట్టు డిక్ కెర్ లేడీస్ ఊరు చూపించమని. మావారికేమో ఓల్డ్ ట్రాఫోర్డ్ క్రికెట్ మైదానం మీదే ధ్యాస. "ఎప్పుడో మూసేసిన టీమ్ కోసం పనిగట్టుకుని ఇంకో ఊరా?" అని రైలెక్కేదాకా గొణుగుతూనే ఉన్నారు.

మాంచెస్టర్‌లో మూడు రోజులు హాయిగా గడిచిపోయాయి. విక్టోరియా స్టేషన్ పక్కనే నేషనల్ ఫుట్‌బాల్ మ్యూజియం ఉంది, అందులో లిలీ పార్ కంచు విగ్రహం. 2019లో పెట్టారు. సెయింట్ హెలెన్స్ నుంచి వచ్చి 14 ఏళ్ళకే ఈ జట్టులో చేరిన పిల్ల. "అమ్మా, నాకంటే ఒక్క ఏడాదే పెద్ద" అంటూ మా అమ్మాయి ఆ విగ్రహం బూట్ల దగ్గరే చాలాసేపు నిలబడింది.

ఇక ప్రెస్టన్ బస సంగతి. ఆన్‌లైన్‌లో ఫ్యామిలీ రూమ్ 74 పౌండ్లు, బ్రేక్‌ఫాస్ట్ కలిపి అని చూసి బుక్ చేశాను. వెళ్ళాక డిపాజిట్ అని కార్డు మీద మరో 50 లాగారు. గది మూడో అంతస్తులో, లిఫ్ట్ లేదు. ఫొటోలో కిటికీ బయట చెట్లున్నాయి. అసలు కిటికీ తెరిస్తే కింద చేపలు వేయించే కొట్టు ఎగ్జాస్ట్ ఫ్యాన్, రాత్రి పదకొండు దాకా నూనె పొగ. మూస్తే ఊపిరాడదు, తెరిస్తే చలి. హీటర్ ఎంత తిప్పినా వెచ్చబడలేదు. వదిన కట్టిచ్చిన పులిహోర తినేసి దుప్పట్లు కప్పుకుని పడుకున్నాం. పొద్దున బ్రేక్‌ఫాస్ట్ అంటే కార్న్‌ఫ్లేక్స్, చల్లటి పాలు. డిపాజిట్‌లో 30 మాత్రమే తిరిగిచ్చారు. ఎందుకయ్యా అంటే, గదిలో మా తిండి వాసన పట్టిందట, శుభ్రం చేయడానికి 20 పట్టుకున్నారట! వాళ్ళ కిటికీలోంచి వచ్చిన చేపల నూనె వాసన వాసన కాదు, మా ఇంగువ వాసనకి జరిమానా. మావారు గట్టిగా పావుగంట వాదించారు. రిసెప్షన్ అబ్బాయి ఒక కాగితం చూపించి రూల్ అన్నాడు. డబ్బు సంగతి అటుంచితే, పిల్ల ముందు ఆ మాట పడాల్సొచ్చినందుకు నాకు ఒళ్ళు మండింది.

ఆ మనసుతోనే డీప్‌డేల్ స్టేడియంకి నడిచాం. రైల్వేస్టేషన్ నుంచైతే నడకకి అరగంట పైనే, బస్సులున్నాయి. బయట ఆ జట్టు జ్ఞాపకంగా 2017లో పెట్టిన గ్రానైట్ స్మారకం ఉంది, చూడటానికి టికెట్ అక్కర్లేదు. నూరేళ్ళ కిందట, 1917 క్రిస్మస్ రోజున, వాళ్ళు మొదటి పెద్ద మ్యాచ్ ఆడింది ఇక్కడే. స్ట్రాండ్ రోడ్‌లోని డిక్ కెర్ ఫ్యాక్టరీలో యుద్ధానికి మందుగుండు తయారుచేసే అమ్మాయిలు వాళ్ళు. భోజనం విరామంలో మగవాళ్ళతో పందెం కట్టి మొదలుపెట్టిన ఆట, గాయపడిన సైనికుల ఆసుపత్రికి చందా మ్యాచ్ అయింది. 10 వేలమంది వచ్చారు, 600 పౌండ్ల పైనే వసూలైంది. 1920 డిసెంబర్‌లో ఇదే మైదానంలో సైన్యం సెర్చ్‌లైట్లు తెచ్చి, బంతికి తెల్లసున్నం కొట్టి రాత్రిపూట కూడా ఆడారు. అదే నెల 26న లివర్‌పూల్ గుడిసన్ పార్క్‌లో 53 వేలమంది. వేలమందికి లోపల చోటు దొరకలేదు.

ఏడాది తిరక్కుండా, 1921 డిసెంబర్ 5న, ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్‌ని నడిపే ఫుట్‌బాల్ అసోసియేషన్ వాళ్ళు ఈ ఆట ఆడవాళ్ళకి తగదని, వసూళ్ళలో ఖర్చులకే ఎక్కువ పోతోందని చెప్పి తమ క్లబ్బుల మైదానాలు ఇవ్వొద్దన్నారు. మా అత్తగారూ తగదనే అంటారు, కాకపోతే కాలు విరుగుతుందన్న భయంతో. ఆ జట్టు మాత్రం ఆపలేదు. 1922లో అమెరికా వెళ్ళి మగ జట్లతో ఆడింది. 1926లో ప్రెస్టన్ లేడీస్ అని పేరు మార్చుకుని 1965 దాకా ఉంది. నిషేధం దాదాపు 50 ఏళ్ళు సాగింది. తీసేసరికి ఆడటానికి ఆ జట్టే లేదు. ఇది చెప్తుంటే మావారు గొణగడం మానేసి, ఫోన్ తీసి అమ్మాయిని స్మారకం పక్కన నిలబెట్టి ఫొటోలు తీయడం మొదలుపెట్టారు. పొద్దున్నించీ ముడుచుకుపోయిన పిల్ల అప్పుడు నవ్వింది.

మధ్యాహ్నం మార్కెట్ దగ్గర తిన్నదాన్ని నేను మర్చిపోను. బటర్ పై అని, పిండి పొరలో బంగాళాదుంప, ఉల్లిపాయ, వెన్న పెట్టి కాల్చింది. శుక్రవారాల్లో మాంసం ముట్టని ఇక్కడి క్యాథలిక్కుల తిండి అది. ఒక్కోటి 3 పౌండ్లు. శాకాహారులు పైపొరలో పంది కొవ్వు వేశారా అని తప్పకుండా అడగండి. మేం అడిగితే కొట్టులో పెద్దావిడ లోపలికెళ్ళి పిండి ప్యాకెట్ తెచ్చి, అక్షరాల మీద వేలు పెట్టి చూపించింది. పక్కనే పార్చ్‌డ్ పీస్, అంటే నల్ల బఠాణీలు మెత్తగా ఉడకబెట్టి ఉప్పు, వెనిగర్ చల్లి కప్పులో ఇస్తారు. అచ్చం మన గుగ్గిళ్ళే! మావారు రెండు కప్పులు తిన్నారు.

మాంచెస్టర్ నుంచి రైల్లో ముప్పావుగంట ప్రయాణం. పొద్దున వెళ్ళి సాయంత్రానికి వచ్చేయొచ్చు. బస ఖర్చుతో ముప్పై బటర్ పైలు కొనుక్కోవచ్చు. వదినకి రెండు బటర్ పైలు పార్సిల్ కట్టించుకుని, నాలుగు దాటాక రైలెక్కాం.