కరిచే కుక్కల్ని ఏం చేయాలి: ఊరవతల వదలడమా, షెల్టరా, ఆపరేషనా, టీకానా?

తెల్లవారుజామున పాలప్యాకెట్ తేవాలంటే టెన్షన్, సాయంత్రం పిల్లల్ని ట్యూషన్‌కు పంపాలంటే టెన్షన్. కడపలో ఎర్రముక్కపల్లెలో అడిగినా, చిన్నచౌకులో అడిగినా కుక్కల మాట వస్తే మొదట వినిపించేది ఇదే: "మున్సిపాలిటీ వాళ్లు పట్టుకుపోవచ్చు కదా!" పట్టుకుపోయి ఏం చేయాలన్న దగ్గరే పేచీ. ఊరవతల వదలమనేవాళ్లు కొందరు, చంపేయమనేవాళ్లు కొందరు, షెల్టర్ కట్టమనేవాళ్లు ఇంకొందరు. చట్టం మాత్రం పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టుకున్న చోటే వదలమంటోంది.

వీటిలో ఏది మేలో తేల్చే ముందు ఒక సంగతి విడదీసుకోవాలి. కాటు వేరు, రేబిస్ వేరు. కాటు గాయం ఎంత పెద్దదైనా వైద్యం ఉంది. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకరు. మనుషులకు వచ్చే రేబిస్‌లో 99 శాతం దాకా కుక్కల వల్లేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కాబట్టి కార్పొరేషన్ ఏ పని చేసినా రెండు ప్రశ్నలు అడగాలి. దీనితో చావులు ఆగుతాయా? కాట్లు తగ్గుతాయా? రెంటికీ ఒకే మందు లేదు.

ముందు ఊరవతల వదిలేసే సంగతి. అడిగిన మర్నాడే వీధి ఖాళీగా కనిపిస్తుంది కాబట్టి జనానికి ఇది నచ్చుతుంది. కానీ 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనలు దీన్ని ఒప్పుకోవు. చట్టం సంగతి పక్కన పెట్టినా లెక్క కుదరదు. తీసుకెళ్లి పాలకొండల కింద వదిలిన కుక్కకు అక్కడ తిండి లేదు. పక్క పల్లెలోకి వెళ్లి గొర్రెల దొడ్డి మీద పడుతుంది. మన బాధ తీసుకెళ్లి గొర్రెలు కాసుకునేవాళ్ల నెత్తిన వేసినట్టవుతుంది. ఇక్కడ ఖాళీ అయిన వీధి కూడా ఎన్నాళ్లో ఖాళీగా ఉండదు. ఆదివారం సాయంత్రం చికెన్ షాపులు కట్టేసే వేళకు వెనక సందులోకి వెళ్లి చూడండి. ఈకలు, పేగులు, తలకాయలు నింపిన గోతాలు మూతి కూడా కట్టకుండా పడేసి ఉంటాయి. ఆ గోతాలు ఉన్నన్నాళ్లు పాత కుక్కలు పోతే కొత్తవి వస్తాయి. వచ్చినవాటికి టీకా పడిందో లేదో ఎవరికీ తెలియదు. టీకా వేసిన కుక్కను దూరం చేసుకుని, వేయని కుక్కను పిలుచుకున్నట్టే.

చంపడం గురించి ఎక్కువ చెప్పను. విషం పెట్టి జంతువును చంపితే భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా జైలు పడవచ్చు. పైగా దానివల్ల రేబిస్ ఆగలేదు. ఇండోనేషియాలోని బాలి ద్వీపంలోకి 2008లో రేబిస్ వచ్చినప్పుడు మొదట కుక్కల్ని పెద్ద ఎత్తున చంపారు. జబ్బు ద్వీపమంతా పాకింది. 2010లో ద్వీపమంతటా టీకాలు మొదలుపెట్టాకే కేసులు దిగాయి.

షెల్టర్ మాట 2025లో దేశమంతా మారుమోగింది. ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఢిల్లీలో, దాని పరిసరాల్లో ఉన్న వీధికుక్కలన్నిటినీ షెల్టర్లకు తరలించమంది. ఆగస్టు 22న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని మార్చింది. ఆపరేషన్, టీకా అయ్యాక ఎక్కడివక్కడే వదలాలి, రేబిస్ ఉన్నవాటిని, దూకుడుగా మీదపడేవాటిని మాత్రం వదలకూడదు అంది. నవంబరు 7న ఇంకో మాట చేర్చింది: బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్లు, క్రీడా ప్రాంగణాల్లో పట్టుకున్న కుక్కల్ని మళ్లీ అక్కడ వదలకూడదు.

ఊళ్లోని కుక్కలన్నిటినీ షెల్టర్‌లో పెట్టడం కడప తరం కాదు. రోజూ తిండి, నీళ్లు, శుభ్రం చేసే మనుషులు, డాక్టరు, అదీ ఏళ్ల తరబడి. ఇరుకులో పెడితే కొట్లాడుకుంటాయి, ఒకదానికి జబ్బు చేస్తే అన్నిటికీ అంటుకుంటుంది. అయినా షెల్టర్ అసలు వద్దనేవాళ్లతో నేను ఏకీభవించను. రెచ్చగొట్టకపోయినా మనుషుల మీదపడే కుక్కను పసిపిల్లలు తిరిగే సందులో తిరిగి వదలడం అన్యాయం. వాటికి, బడుల్లో ఆసుపత్రుల్లో పట్టుకున్నవాటికి చిన్నదైనా సరే ఒక షెల్టర్ ఉండి తీరాలి.

ఇక ఆపరేషన్. బండి వస్తుంది, వలలతో పడతారు, ఆపరేషన్ చేసి టీకా వేస్తారు, గుర్తుగా చెవి అంచు కొంచెం కత్తిరిస్తారు, కుట్లు మానాక తెచ్చి వదులుతారు. ఈ పద్ధతి గట్టిగా చేసిన చోట ఫలితం వచ్చింది. జైపూర్‌లో 1994 నుంచి 2002 దాకా ఒకే ప్రాంతంలో పట్టు విడవకుండా చేస్తే, ఆడకుక్కల్లో 65 శాతానికి ఆపరేషన్, టీకా అయ్యాయి. కుక్కల సంఖ్య 28 శాతం తగ్గింది, ఆ ప్రాంతంలో మనుషుల రేబిస్ కేసులు సున్నాకు వచ్చాయి. 28 శాతానికి ఎనిమిదేళ్లు పట్టిందన్నది గమనించాలి. రేపటికల్లా వీధి ప్రశాంతమవుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

మన ఊళ్లలో ఇది ఎక్కడ చెడుతుందంటే, ఫిర్యాదు వచ్చిన చోటల్లా నాలుగు పట్టుకుపోవడం దగ్గర. ఈ సందులో నాలుగు, ఆ కాలనీలో మూడు. మిగిలిన ఆడకుక్క ఏడాదిలో రెండు ఈతలు ఈనితే చేసిన పనంతా పోతుంది. ఒక వార్డు పట్టుకుంటే అది పూర్తయ్యేదాకా ఇంకో వార్డుకు వెళ్లకూడదు.

నా మాట వింటే, కార్పొరేషన్ టీకాను ఆపరేషన్ నుంచి విడదీయాలి. ఇప్పుడు ఆపరేషన్ చేసిన కుక్కకే టీకా పడుతోంది. అంటే డాక్టరు రోజుకు ఎన్ని కోతలు కోయగలడో అన్నే టీకాలు. ఊరికి ఈ నడక చాలదు. టీకా ఒక్కటే అయితే ఆపరేషన్ థియేటర్ అక్కర్లేదు, కుక్కల్ని ఉంచే గదులు అక్కర్లేదు. వల వేసి పట్టి, సూది వేసి, ఒంటి మీద రంగు గుర్తు పెట్టి, నిలబడ్డ చోటే వదిలేయొచ్చు. కుక్కల్లో 70 శాతానికి టీకా పడితే రేబిస్ గొలుసు తెగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. గోవాలో వీధి వీధీ తిరిగి ఏటా ఇలాగే వేశారు, మనుషుల్లో రేబిస్ చావులు దాదాపు ఆగిపోయాయి. టీకాతో కాట్లు తగ్గవు, అది ఒప్పుకోవాలి. కానీ ప్రాణం ముందు. చావు భయం ఈ ఏడాదే తగ్గించి, సంఖ్య తగ్గించే ఆపరేషన్లు వార్డు వారీగా ఏళ్ల పాటు సాగించాలి. రెండూ కావాలి, ముందు పడాల్సింది టీకా.

కరిచిన కుక్కను జనం వెంటనే కొట్టి చంపడమో తరిమేయడమో చేస్తారు. దాన్ని పట్టి పది రోజులు గమనిస్తే చాలా సంగతులు తెలుస్తాయి. రేబిస్‌తో ఉన్న కుక్క సాధారణంగా ఆ లోపే చచ్చిపోతుంది. అదేం కాక ఈనిన తల్లి పిల్లల కోసం కరిచి ఉంటే, పిల్లలు పెద్దవైతే తగ్గిపోతుంది. ఏ కుక్క ఎందుకు కరిచిందో చూడకుండా షెల్టర్‌కో వీధికో పంపడం సరైన తీర్పు కాదు.

కాటు పడ్డవాళ్లు మాత్రం ఆ పది రోజులు ఆగకూడదు. కారం, సున్నం, పసరు ఏదీ పెట్టకుండా సబ్బుతో ధారగా పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి, ఆ రోజే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాలి. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులన్న భయం పాతది. ఇప్పుడు చేతికి వేస్తారు, మొదటి రోజు, ఆపైన 3, 7, 28వ రోజుల్లో. చర్మం తెగి రక్తం వస్తే ఇమ్యునోగ్లోబ్యులిన్ (టీకా పనిచేయడం మొదలయ్యేదాకా కాపాడే మందు) కూడా అడగాలి.

మీ వార్డులో పని ఎంత జరిగిందో తెలుసుకోవడానికి కాగితాలు అక్కర్లేదు. పొద్దున్నే వీధిలో నిలబడి కుక్కల్ని లెక్కపెట్టండి, చెవి కత్తిరించినవి ఎన్నో చూడండి. పదిలో ఏడు లేకపోతే సందుల పేర్లతో సహా రాసి వార్డు సచివాలయంలో ఇవ్వండి. "కుక్కల్ని పట్టుకుపోండి" అని కాకుండా "మా వార్డు ఏ తేదీకి పూర్తి చేస్తారు" అని అడగండి. ఆ కాగితంలోనే చికెన్ షాపుల గోతాలు ఎక్కడ పడేస్తున్నారో కూడా రాయండి.